అమావాస్య నాడు తెరుచుకోని ప్రోగ్రాం

ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తక్కెడలో ఒకవైపు, మా తాత వెంకటరాజం రాసిన ప్రోగ్రాం మరోవైపు పెడితే, ముల్లు తాత వైపే మొగ్గుతుంది. ఇంటర్ తప్పినవాడి మాటకు విలువేముందని మీరు అనవచ్చు. తాత కూడా అదే అంటాడు, ఈ ఒక్క మాట తప్ప మిగతావాటికి.

పోచంపల్లిలో మా వాడకట్టు మగవాళ్లందరూ మగ్గం గుంటలోకి దిగితే, తాత చేనేత సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎవరికి ఎంత నూలు ఇచ్చారో, ఎవరు ఎన్ని చీరలు తెచ్చారో చూపే ప్రోగ్రాంను తానే నేర్చుకుని రాశాడు. రిటైరయ్యాక కూడా అది మొరాయిస్తే తాతకే కబురు వచ్చేది. ఇస్త్రీ అంగీ తొడుక్కుని, పెళ్లికి పోతున్నట్టు పోయేవాడు.

మొన్న ఆ పాత కంప్యూటర్ మూలబడింది. మా పెద్దనాన్న బిడ్డ హారికక్క హైదరాబాద్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకొచ్చింది. పాత ప్రోగ్రాంను అదే చదువుకుని, ఫోన్లో తెరుచుకునేలా కొత్త భాషలో తిరిగి రాస్తుందట. తాత ఏళ్ల తరబడి రాసినదాన్ని అవ్వ చాయ పెట్టి తెచ్చేలోపు మార్చేసింది.

తాత చాయ ముట్టలేదు.

"దానికి నూలంటే ఎర్కనా, చీరంటే ఎర్కనా?"

"ఎర్క లేకున్నా చేసింది గద తాతా," అంది అక్క.

ఆనాటి నుంచి తాతకు కడుపుమంట. ఆ సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకున్న వాళ్లతో మాట్లాడడు. నా ఫోన్ లాక్కుని, ఎక్కడ తప్పు చేస్తుందోనని పొద్దంతా దాంట్లోనే వెతికేవాడు. దొరికితే మళ్లీ కబురు వస్తుందని ఆశ. తప్పు దొరకలేదు. ఇస్త్రీ అంగీ దండెం మీదే వేలాడింది.

ఇంతలో అమావాస్య వచ్చింది. ఆ రోజు మగ్గాలు ఆగుతాయి, సంఘం ఆఫీసుకూ తాళమే. తాత మాత్రం ఫోన్ తెరిచాడు. తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో 'సెలవు' అని ఒక్క మాట కనపడి, ప్రోగ్రాం మూసుకుపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే.

తాత అంగీ తొడుక్కున్నాడు. "చతికిలపడ్డది," అని వాడకట్టంతా చాటి, బస్టాండు దగ్గర కనపడినవాళ్లకల్లా మిర్చీలు తినిపించాడు. హారికక్కను పిలిపించాడు.

అక్క తాత రాసిన పాత ప్రోగ్రాం తీసి, అందులో ఒక వరుస చూపింది. అమావాస్యను లెక్కగట్టి, ఆ రోజు తెరుచుకోవద్దని ఉంది. అది తాత రాసిందే. ఆ రోజు ఆఫీసు తెరవరు కాబట్టి ఎవరి కంటా పడలేదు. తాత కూడా మరిచిపోయాడు. సాఫ్ట్‌వేర్ మరవలేదు, ఉన్నదున్నట్టు తెచ్చింది.

"గిదెందుకు రాసినవ్ తాతా?"

తాత అవ్వ వైపు చూశాడు. బియ్యంలో రాళ్లేరుతున్న అవ్వ అందుకుంది.

"నేనే రాయించిన బిడ్డా. సెలవు నాడు గూడ తాళంచెవి పట్టుకొని దాని దగ్గరికే ఉరికెటోడు. గా కంప్యూటర్ నాకు సవితి లెక్కుండె. నేనన్న ఉండాలె, అదన్న ఉండాలె అన్న."

"మరి తీసెయ్యాల్నా అవ్వా?"

"ఉండనియ్యి."

తాత అంగీ విప్పి దండెం మీద వేశాడు. నేను ఊరుకోలేక, "తాతా, నువ్వు మరిచింది గూడ అది యాదికి తెచ్చింది. ఇప్పుడన్నా మెచ్చుకోరాదు?" అన్నాను.

"మెచ్చుకోను," అన్నాడు తాత. "రాసుడు అది గూడ రాసింది. మీ అవ్వతోని తిట్లు తిన్నది నేను."