పెనం కాల్చలేదని నేను చెప్పిన సాక్ష్యం

ఆ శనివారం సాయంత్రం ప్రభువు బల్లకు రొట్టె చేస్తున్నాను. మా చర్చి సంఘంలో నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉంటుంది. దానికి పులియని రొట్టె చేసిచ్చే పని పద్నాలుగేళ్ళుగా నాదే. గోధుమపిండి, నీళ్ళు, చెంచాడు నూనె, అంతకుమించి ఏమీ పడదు. పెనం మీద వేశాక అంచులు ఉబ్బకుండా చేత్తో అదుముతూ ఉండాలి. అలా అదుముతుంటే మాడు వాసన వచ్చింది. రొట్టె తిప్పి చూశాను, బాగానే ఉంది. మాడుతున్నది నా కుడిచేతి చిటికెన వేలు.

నొప్పి లేదు. తోలు తెల్లగా లేచింది, కాసేపటికి బొబ్బ కట్టింది, అయినా చురుక్కుమనలేదు. ఎవరైనా దాన్ని చూసి భయపడతారు. నేను సంతోషపడ్డాను.

నా సంగతి చెప్పాలి. నాకు నలభై ఏడేళ్ళు. తిరువూరులో రెండు గదుల వాటాలో అద్దెకుంటాను. పెనుగొలనులో ప్రైమరీ స్కూల్లో టీచర్ని, రోజూ బస్సులో వెళ్ళొస్తాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు అలిసిపోయి మానేశారు. ఆదివారం సండే స్కూలు, మొదటి శనివారం రొట్టె, ఈ రెండింటి చుట్టూనే నా బతుకు తిరిగేది.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. మండుతున్న పెనం మీద చెయ్యి పడినా ప్రభువు నాకు నొప్పన్నది తెలియనివ్వలేదని చెప్పాను. టీచర్ని కదా, నాలుగు మాటలు కలిపి చెప్పడం నాకు వచ్చు. వేలు పైకెత్తి చూపించాను కూడా. సంఘమంతా స్తోత్రం అన్నారు. ఇంటికి వెళ్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ బొబ్బ పుండయింది, నెలన్నరైనా మానలేదు. బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీసు జారిపోయేది. మోచేతి కింద రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ ఎప్పటినుంచో ఉంది. మందుల షాపులో అడిగితే తామరన్నారు, ఇచ్చిన ట్యూబు రాశాను. స్పర్శ లేని మచ్చను అశ్రద్ధ చేయొద్దని పోస్టరు మా బడి గోడకే అంటించి ఉంది. దాని మీద ఎక్కాల చార్టు తగిలించిందీ నేనే. వీపు మీద కూడా అలాంటి మచ్చలున్నాయని నాకు తెలియదు. నా వీపు చూసేవాళ్ళెవరు?

చిటికెన వేలు వంగడం మొదలయ్యాక విజయవాడ వెళ్ళి ఒక పెద్దాసుపత్రి స్కిన్ ఓపీలో చూపించుకున్నాను. డాక్టరు చిన్నమ్మాయి, నా పాత స్టూడెంట్ల వయసు ఉంటుంది. కళ్ళు మూసుకోమని, దూదితో ముట్టినప్పుడల్లా ఎక్కడ ముట్టిందో రెండో చేతి వేలితో చూపించమంది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టదు. బయట లైనేమో చాంతాడంత ఉంది, ఈ పిల్ల ఏం చేస్తోందా అని విసుగొచ్చింది.

"మొదలుపెట్టండమ్మా" అన్నాను.

"అయిపోయిందండీ మేడమ్. ఏడుసార్లు ముట్టాను" అంది.

తర్వాత మోచేతి వెనక నరం వేళ్ళతో తడిమి, అల్నార్ నర్వ్ థిక్ అయిందని పక్కనున్న ఇంకో డాక్టరుకు చెప్పింది. చెవి తమ్మె దగ్గర చిన్నగా గీరి పరీక్షకు స్మియర్ తీశారు. రెండోసారి వెళ్ళినప్పుడు హ్యాన్సెన్స్ డిసీజ్ అన్నారు. నాకు అర్థం కాలేదు. తెలుగులో చెప్పమన్నాను. "కుష్ఠు అండీ" అంది ఆ అమ్మాయి. వెంటనే గబగబా మిగతాదంతా చెప్పింది: పూర్తిగా నయమవుతుంది, పన్నెండు నెలలు ఎండీటీ అనే మందుల కోర్సు వాడాలి, మందు మొదలుపెట్టాక నా నుంచి ఎవరికీ అంటదు. నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

కార్డు రాస్తూ కాంటాక్ట్స్ ఎవరని అడిగింది. నాతో ఎక్కువ కాలం దగ్గరగా మెలిగినవాళ్ళ పేర్లు చెబితే వాళ్ళను పరీక్ష చేసి, ముందుజాగ్రత్తగా సింగిల్ డోసు ఇస్తారట. ఇంట్లో ఎవరున్నారంటే ఎవరూ లేరన్నాను. స్నేహితులు? చర్చిలో? ఎవరూ లేరండీ అన్నాను. సిగ్గుపడి చెప్పిన అబద్ధమే అది. కానీ బస్సులో కూర్చుని ఆలోచిస్తే సగం నిజమేనేమో అనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఒకే సంఘంలో ఉన్నాను. అందరూ నాకు వందనాలు చెబుతారు. నా పక్కన కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పిన మనిషి పేరు గుర్తు చేసుకోబోతే మైలవరం దాటినా ఒక్కటీ తట్టలేదు. ఆ రోజు ఏడ్చాను, జబ్బు గురించి కాదు.

చెయ్యి బెణికిందని అయ్యగారికి చెప్పి రొట్టె మానేశాను. మా పాస్టరు గారిని మేం అయ్యగారనే అంటాం. ఆరాధన అయ్యాక అందరం చేతులు కలుపుకోవడం అలవాటు. నేను దూరం నుంచే దండం పెట్టి బయటపడేదాన్ని. మూడో వరస నుంచి తలుపు దగ్గర బల్లకు మారాను. ఎందుకు మారానని ఎవరైనా అడుగుతారని భయపడ్డాను. ఎవరూ అడగలేదు. నిజానికి అదే ఎక్కువ కష్టంగా ఉంది.

మందులో ఒక రకం మూత్రాన్ని ఎర్రగా చేస్తుంది, ఇంకోటి ఒంటిని నల్లబరుస్తుంది. రెండూ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. స్టాఫ్‌రూములో మాత్రం ఎండలో తిరుగుతున్నారా అని ఒకటే పలకరింపు. ఔనన్నాను. అబద్ధాలాడడం నాకు బాగా అలవాటైపోయింది.

మూడో నెలలో ఒక ఆదివారం అయ్యగారు పదిమంది కుష్ఠరోగుల వాక్యభాగం తీశారు. పాపం కుష్ఠులాంటిదని, మొదట చిన్న మచ్చగా వచ్చి మనిషిని స్పర్శ లేకుండా చేస్తుందని, అలాంటివాడు పాళెం బయట, జనానికి దూరంగా ఉండాల్సిందేనని చెప్పారు. ఆయన మంచివారే, తెలియక అన్నారు. నాకు కోపం ఆయన మీద రాలేదు. ఇదే కథ సండే స్కూల్లో నేనెన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక పిల్లకు దుప్పటి కప్పి, దూరంగా నిలబెట్టి, మిగతా పిల్లల చేత ముక్కు మూయించాను. బాగా వచ్చిందని చప్పట్లు కూడా కొట్టించాను. ప్రభువు ఇంకోచోట ఒక కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టుకున్న సంగతి చివర్లో బెల్లు కొట్టే ముందు ఒక్క ముక్కలో చెప్పి ముగించేదాన్ని.

నాలుగో నెలలో మోచేతి నుంచి వేళ్ళదాకా కరెంటు కొట్టినట్టు నొప్పి మొదలైంది. మచ్చలు ఎర్రగా ఉబ్బాయి. మందు పడక ఇలా అయిందనుకుని రెండు రోజులు మానేశాను. అది తప్పు. ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ కోప్పడింది. దీన్ని లెప్రా రియాక్షన్ అంటారు, ఇప్పుడు మందు ఆపితే చెయ్యి పోతుంది అని స్టెరాయిడ్ మొదలుపెట్టింది, చెయ్యి కదలకుండా స్ప్లింట్ కట్టింది. ఆ స్టెరాయిడ్‌కు నా ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. బడికి సెలవు పెట్టి ఇంట్లో పడున్నాను.

అప్పుడు దీనమ్మ వచ్చింది. మా సంఘంలోనే ఉంటుంది. మిరప కోతలకి ఆటోలో వినగడప వైపు వెళ్తుంది. నేను కనిపించట్లేదని చూడడానికి వచ్చినది ఆమె ఒక్కతే. వచ్చీరాగానే గిన్నెలు తోమింది, నీళ్ళు పట్టింది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని కొబ్బరినూనె రాయడం మొదలుపెట్టింది. చటుక్కున లాక్కున్నాను. నాలుగు నెలల్లో డాక్టరు తప్ప నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఆమె ఏమీ అనుకోలేదు. నొప్పనుకుంది కాబోలు.

కాసేపటికి తన పాదం చూపించింది. గంజి వార్చేటప్పుడు కాలి మీద ఒలికితే, అరికాలిదాకా పొక్కినా తనకు తెలియలేదట. మొహం వెలిగిపోతోంది.

"మీ సాక్ష్యం ఇన్నాక నాకర్థమైందమ్మా. మీ చేతికి చేసిన కృపే నా కాలికీ చేశాడు ప్రభువు."

ఆ పాదం మీద పాలిపోయిన మచ్చ ఉంది, దాన్ని నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఆసుపత్రికి వెళ్ళు దీనమ్మా అన్నాను. నవ్వింది. కృపను తీసుకెళ్ళి డాక్టరుకు చూపించుకుంటారా అంది. రెండుసార్లు, మూడుసార్లు చెప్పాను. నాకున్నదేమిటో చెబితే ఆమె అప్పుడే లేచి వచ్చేది. అది తప్ప అన్నీ చెప్పాను. సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక, రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు ఏడు వారాలకు వచ్చింది. రోజూ ప్రార్థన చేశాను, ప్రభువా, ఆమెను ఎలాగైనా ఆసుపత్రికి పంపు అని. పంపాల్సింది నేనని తెలిసే ఆయన మీదకు నెట్టాను. ఉన్నది చెబితే సంఘంలో నాకు మిగిలిన తలుపు దగ్గర బల్ల కూడా పోతుందని భయం. ఒక ఆదివారం దీనమ్మ కాలికి గుడ్డ కట్టుకుని, కుంటుకుంటూ గుడికి వచ్చింది. నేను కూర్చున్న చోటికి చీము వాసన వచ్చింది. ఆమెకు నొప్పి లేదు కాబట్టి పాటలు పాడుతోంది.

సాక్ష్యాల సమయంలో లేచాను. ఈసారి మాటలు కలపలేదు.

"పోయినేడు ఇక్కడే నిలబడి పెనం నన్ను కాల్చలేదని చెప్పాను. కాల్చింది. నాకే తెలియలేదు. అది కృప కాదండీ, జబ్బు. దాని పేరు కుష్ఠు. మందు వాడుతున్నాను, నా నుంచి ఎవరికీ అంటదు. మీలో ఎవరికైనా చెయ్యో కాలో కాలినా నొప్పి తెలియకపోతే దయచేసి దాచుకోకండి, ఆసుపత్రికి వెళ్ళండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అయ్యగారు పాటల పుస్తకం తెరిచి, ఏ పాటో తేల్చుకోలేక మళ్ళీ మూశారు. నా పక్కనున్నావిడ లేవలేదు గానీ చీర కుచ్చిళ్ళు తన వైపు లాక్కుంది.

బయట చెట్టు కింద దీనమ్మ నా కోసం ఆగి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. నా మీద కోపంతో వచ్చినవి.

"అయితే నాకు ప్రభువు చేసిందేంటమ్మా మరి?" అంది.

కాలు కాలినప్పటినుంచి గడిచినవి, పన్నెండేళ్ళుగా మిరప చేలల్లో ఎండకు మాడే మనిషికి దేవుడు తనను ప్రత్యేకంగా చూసుకున్నాడని తెలిసిన రోజులు. వాటిని ఇచ్చిందీ నేనే, లాక్కున్నదీ నేనే. రేపు నాతో ఆసుపత్రికి రమ్మని మాత్రం అడిగాను. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున బస్టాండుకు వెళ్ళేసరికి నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. విజయవాడ దాకా నాతో మాట్లాడలేదు.

ఆమెకూ అదే జబ్బని తేలింది. పుండు శుభ్రం చేసి, చచ్చిన తోలు తీసి, చాలా రోజులు డ్రెస్సింగులు చేశారు. పాదంలో స్పర్శ తిరిగి రావడం కష్టమని, ముందే వచ్చి ఉంటే ఇంత లోతు పోయేది కాదని డాక్టరమ్మ అంది. నాతో కాదు, దీనమ్మతో అంది. నేను పక్కనే ఉండి విన్నాను.

మేం ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మర్నాడు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. ముందు తనతో ఒక మాట చెప్పాల్సిందన్నారు. తర్వాత, ఆ కుష్ఠరోగుల ప్రసంగం రోజున మీరు గుళ్ళోనే ఉన్నారు కదండీ అని అడిగారు. ఉన్నానన్నాను. టీ ఇవ్వనా అన్నాను. తాగారు. ఆ వారం సంఘం నుంచి ముగ్గురు వెళ్ళి, మేం టీచరుగారి కాంటాక్ట్స్ అని పేర్లు రాయించుకుని సింగిల్ డోసు మింగి వచ్చారు. అయ్యగారి భార్య ఒకరు. మిగతా ఇద్దరితో నేను ఎప్పుడూ పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండను.

ఇదంతా చదివి సంఘం మారిపోయిందనుకోకండి. సండే స్కూలుకు ఇరవై రెండు మంది పిల్లలు వచ్చేవాళ్ళు, ఇప్పుడు తొమ్మిది మంది. రొట్టె ఇప్పుడు అయ్యగారి భార్య చేస్తున్నారు. మళ్ళీ చేయమని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పన్నెండు నెలలయ్యాక కార్డు మీద ఆర్‌ఎఫ్‌టీ అని రాశారు, అంటే చికిత్స పూర్తయిందని. చిటికెన వేలు వంకర అలాగే ఉంది. చేతులు కలిపేటప్పుడు కొందరు ఇంకా నా చెయ్యి చూసి దండం పెడతారు. ఆదివారం మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ చాలా పొడుగ్గా ఉంటాయి.

శనివారాలు మాత్రం దీనమ్మ వస్తుంది. మా మధ్య ఆమె నూనె రాసిన రోజునాటి చనువు లేదు. నా చెయ్యి తను చూస్తుంది, తన అరికాళ్ళు నేను చూస్తాను, కొత్తగా పగుళ్ళు, బొబ్బలు ఏమైనా ఉన్నాయా అని. తెలియకుండా తగిలే దెబ్బను కంటితోనే పట్టుకోవాలని మాకు చెప్పారు. పోయిన వారం ఆమె మడమలో తుమ్మముల్లు తీశాను. ఆ ముల్లుతోనే రెండు రోజులు చేలో తిరిగిందట.

చదివేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో ఉంటే, అది దురద పెట్టకపోయినా, నొప్పి లేకపోయినా, దాని మీద స్పర్శ ఉందో లేదో చూడండి, లేకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. కానీ ఆ పరీక్ష ఎవరికి వాళ్ళు చేసుకోలేరు. మన చేత్తో మనం ముట్టుకుంటే ముట్టే చేతికి తెలుస్తుంది, మచ్చకు తెలిసిందనుకుంటాం. కళ్ళు మూసుకుని కూర్చోవాలి, ఇంకొకరు దూదితో ముట్టాలి. మీకు ఆ ఇంకొకరు లేరనుకుంటే, నేనూ అలాగే అనుకున్నాను. వెళ్ళి పక్కింటి తలుపు కొట్టండి.