పెదనాయన బావులు

ఆ రోజుల్లో కథంటే నాకు వంశవృక్షమే. కథానాయకుడు కాఫీ తాగాలన్నా సరే, ముందు అతని ముత్తాత ఎవరో, ఎన్నెకరాలున్నాయో పాఠకుడికి అప్పజెప్పిగానీ గ్లాసు చేతికిచ్చేదాన్ని కాదు. పుంగనూరులో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పే కొత్త ఉద్యోగం, మదనపల్లె నుంచి రోజూ బస్సు, సంచిలో సగం రాసిన కథ. నన్ను మించిన రచయిత్రి జిల్లాలో ఇంకొకరుంటారని నాకు తోచేదే కాదు.

కుప్పంలో కథల పోటీ అని తెలియగానే, టమోటా పండించే మా పెదనాయన మీద రాస్తానని ఇంట్లో ప్రకటించేశాను. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆయన నలుగురిలో తలెత్తుకునే పని ఒక్కటైనా చేయాలని నా ఆశ. ఆయన మంచమ్మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాడు. "రెండు బావులుండాయని రాయి పాపా. మూడోది తవ్వితే బండ పడింది, అది రాయొద్దు. మా తాత ఊరికి పెద్దమనిషి, అది రాయి. కుప్పం పక్క మన సుట్టాలుండారే, వాళ్ళనీ రాయి." అన్నీ రాశాను. పదకొండు పేజీలైంది. పదో పేజీకి కూడా పెదనాయన ఇంకా ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టలేదు.

పోటీకి రెండు పేజీలే పంపాలట. (ఆ నిబంధన నేను చూసింది ఆఖరి రోజున. చదవడం పిల్లల పని, చెప్పడమే నా పని అనుకునేదాన్ని మరి.) ఏడుపు దిగమింగుకుని కొట్టేయడం మొదలుపెట్టాను. తాత పోయాడు, చుట్టాలు పోయారు, రెండు బావులూ పోయాయి. మార్కెట్ యార్డుకు పంపే ముందు ఆయన టమోటా బాక్సులు సర్దడం ఒక్కటే మిగిలింది. అందరూ నిగనిగలాడే కాయలు పైన పేరుస్తారు, ఆయన మచ్చకాయలు పైన పెడతాడు. ఎందుకో చెప్పడానికి కూడా కాగితంలో చోటు లేదు.

బహుమతి వచ్చింది. కుప్పం సభలో కథ నేనే చదవాలన్నారు. పెదనాయన చుట్టాలందరికీ ఫోన్లు చేసి పిలిపించి, తెల్ల పంచె కట్టి, ముందు వరుసలో కూర్చున్నాడు. బావులు పోయిన సంగతి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఐదు నిమిషాల్లో చదవడం అయిపోయింది. చప్పట్లు మొదలు కాకముందే ఆయన లేచాడు.

"నా బావులు యాడికి పాయ పాపా? ఈ కతలో నాకు సెంటు బూమి గూడా లేదే!"

హాలంతా గొల్లున నవ్వింది. చుట్టాల్లో ఆయన పరువు నా చేతులతో నేనే తీశాననుకున్నాను. అప్పుడు వెనకనుంచి వి.కోట రైతు ఒకాయన లేచాడు.

"మచ్చకాయ పైన పెట్టే మనిషికి ఎన్నెకరాలుంటే ఏమప్పా? మీ ఇంట్లో పెండ్లీడు పిల్లోడుండాడా సెప్పు. ఇంగేమీ ఇసారించకుండా నా కూతుర్నిస్తా."

పెదనాయన తువ్వాలు సర్దుకుని, మెల్లగా కూర్చుని, పక్కనున్న బావమరిదితో "నా మీద రాసింది మా పాపే" అన్నాడు, మూడు వరుసలకు వినపడేట్టు. మదనపల్లె చేరేదాకా బస్సెక్కినవాళ్ళకల్లా అదే మాట. (కండక్టరుకు రెండుసార్లు.) అంత గర్వం ఆ తర్వాత కప్పిన ఏ శాలువాలోనూ నాకు దొరకలేదు.

పెదనాయన పోయి నాలుగేళ్ళవుతోంది. మొన్న ఒక పత్రికవాళ్ళు నా పరిచయం క్లుప్తంగా పంపమన్నారు. కూర్చుని రాస్తే బిరుదులు, శాలువాలు, అధ్యక్షోపన్యాసాలతో మూడు పేజీలైంది. ఈ వయసులో కూడా ఎంత సంబరమే నీకు అని నవ్వుకుని, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయాను. చివరికి మిగిలింది పంపించాను: 'పెదనాయన పెంచిన పిల్ల.'