మాస్టారి బీరువా, మా బావ సంతకం

వీలునామాలో తన పేరుందని తెలియగానే మా బావ ఎగిరి లేచాడు. ఒళ్ళోని తాళంచెవుల పెట్టె కాస్తా వీధి పాలైంది. ఆయనా నేనూ అవన్నీ ఏరేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

బావ మారుతాళంచెవులు చేస్తాడు. పక్కన జిరాక్సు కొట్టు నాది. పదేళ్ళ కిందట ఈ వీధిలో తాళం పగలకుండానే ఒక ఇల్లు దోచుకుపోయారు. వేళ్ళన్నీ బావ వైపే తిరిగాయి. తర్వాత దొంగ దొరికాడు గానీ అనుమానం పోలేదు. ఇప్పటికీ ఆయన ఎవరింట్లో తాళం తీస్తున్నా వెనక ఒకరు కాపలా నిలబడతారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "నిలబడనీవే, వెలుతురుకి అడ్డం రాకపోతే చాలు" అంటాడాయన.

అలాంటి మనిషిని ఎదురింటి డ్రాయింగు మాస్టారు ఎగ్జిక్యూటరుగా రాసి కన్నుమూశారు. అంటే, ఆయన వదిలివెళ్ళిన ప్రతి వస్తువునీ జాబితా రాసి, భద్రంగా కాపాడి, వీలునామా ప్రకారం కొడుక్కీ కూతురికీ అందజేయాలి. ఒక్క చెంచా తగ్గినా వీధి నోట్లో పడేది మళ్ళీ మా బావే.

అన్నాచెల్లెళ్ళ ముందే నూట పన్నెండు వస్తువులు రాశాం. మిగిలింది ఇనప బీరువా. తాళంచెవి ఎక్కడా దొరకలేదు. ఇద్దరి ఎదుటే తెరవాలని వీలునామాలో ఉంది. ఇంతలో నర్సుగా చేస్తున్న కూతురికి ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఆదివారం తెరుద్దామని బావ పిడినీ తాళం కన్నాన్నీ కప్పేస్తూ కాగితం అంటించి, దాని మీద ముగ్గురి సంతకాలూ పెట్టించాడు.

మర్నాడే కొడుకు ఒంటరిగా వచ్చాడు.

"నీకు రెండు నిమిషాల పని కదా బాబాయ్. చూసి మళ్ళీ మూసి, కాగితం అలాగే అంటించేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదరా."

ఆ వారమంతా బావకి కుదురు లేదు. అన్నం కలుపుతున్నా చెయ్యి తాళం తిప్పినట్టే తిరుగుతోందని అక్క ఒకటే నవ్వు. నాకూ మనసు ఆగలేదు. ఏముందో అందులో!

ఆదివారం కిటికీలన్నీ తలకాయలే. బావ కాగితం అంచుల్ని బ్లేడుతో కోసి, చిరగకుండా తీసి పక్కన పెట్టాడు. సన్నటి కడ్డీ కన్నంలో దూర్చాడు. తీశాడు. మళ్ళీ దూర్చాడు. మొహం పాలిపోయింది.

"తాళం వేసి లేదు" అన్నాడు.

తెరిచింది బావేనంటారిక. కొడుకు బావ వైపు అదోలా చూశాడు. కూతురు ఆ కాగితం తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"మన సంతకాలు మనవే అన్నయ్యా. ఇది ఎవరూ ముట్టుకోలేదు. ఆ రోజు పిడి తిప్పి చూడాలని మనకే తోచలేదు."

బావ పిడి తిప్పాడు. తాళంచెవి లోపలి కొక్కేనికి వేలాడుతోంది. పై అరలో మాస్టారు రాసిపెట్టిన జాబితా ఉంది. బావ ఒక్కొక్కటే సరిచూశాడు. అన్నీ ఉన్నాయి. చివరి వరుస కూతురు పైకి చదివింది.

"తాళం నేనే వేయలేదు. చూసుకునే మనిషి ఉన్నాడు."

బావ ఆ జాబితా తీసుకుని చివరి వరుస తనే మళ్ళీ చదువుకున్నాడు. నా వైపు తిరిగి, "దీనికో జిరాక్సు తియ్యవే" అన్నాడు.

"అసలుదే ఉంచుకో బాబాయ్" అన్నాడు కొడుకు, తలవంచుకుని.

"అది మీ సొత్తురా. నాకిస్తున్నట్టు ఇద్దరూ రాసి సంతకం పెట్టండి" అన్నాడు మా బావ, కళ్ళు తుడుచుకుంటూ.