రెబెకా తమ్ముడు

రెబెకాది పెద్ద గొంతు. ఏళ్ల తరబడి మిరపకాయల ఘాటులో కూర్చుని తొడిమలు తీయడం వల్ల ఆ గొంతుకు కాస్త జీర కూడా వచ్చింది. పర్చూరు దాటాక నల్లరేగడి చేల మధ్య ఉంది వాళ్ల పల్లె. పేటకు ఈ చివర నిలబడి ఆమె కేకేస్తే, ఆ చివర చర్చి దగ్గర ఆడుకుంటున్న తమ్ముడు ఫిలిప్ ఆట వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. అమ్మా నాన్నా పత్తి తీయడానికి వెళ్తూ ఆటో బోల్తాపడి పోయారు. అప్పటికి రెబెకాకు సంబంధాలు చూస్తున్నారు. ఆమె ఆ మాట ఇక ఎత్తనివ్వలేదు. తమ్ముణ్ణి పేరు పెట్టి ఎప్పుడూ పిలిచేది కాదు. "చిన్నోడా" అనేది.

ఫిలిప్ చదువులో చురుకైనవాడు. చీరాలలో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఒకసారి రెబెకా గోంగూర పచ్చడి పట్టుకుని వచ్చి, మెట్ల కింద నిలబడి, మేడ మొత్తానికి వినపడేలా పిలిచింది. కిటికీల్లో తలలు కనిపించాయి. ఎవడో ఆమె గొంతును అనుకరించాడు. అందరూ నవ్వారు. ఫిలిప్ గబగబా కిందికి దిగి, "ఇక్కడికి రామాకక్కా. ఏదన్నా ఉంటే ఫోన్ చెయ్యి, నేనే వస్తా" అన్నాడు.

ఆమె కిటికీల వైపు చూసింది. "సర్లే" అంది నెమ్మదిగా. మళ్లీ అటువైపు రాలేదు.

ఇంజినీరై, అంతరిక్ష నౌకల్లో గాలినీ నీళ్లనూ శుభ్రం చేసే యంత్రాల పనిలో కుదిరాడు ఫిలిప్. శిక్షణలో తోటివాళ్లు ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే, "ఎవరూ లేరు" అన్నాడు. కాగితాల్లో అక్క పేరే రాశాడు గానీ నోటితో చెప్పింది మాత్రం అది. వాళ్లు పాపం అనుకుని క్రిస్మస్‌కు తమ ఇళ్లకు తీసుకెళ్లేవాళ్లు. వాళ్ల అమ్మలు కొసరి కొసరి వడ్డిస్తుంటే అక్కే గుర్తొచ్చేది. అయినా నిజం చెప్పడానికి ఎప్పటికప్పుడు ఆలస్యమైపోయిందనే అనిపించేది. అక్క ఫోన్లు ఎత్తడం కూడా తగ్గించేశాడు.

ఆ రోజుల్లోనే అది కనబడింది. దానికి ఎవరూ పేరు పెట్టలేకపోయారు. అంగారకుడికి అవతల, నక్షత్రాలకు అడ్డంగా, నల్లటి మరకలా కదులుతూ వస్తోంది. దాని దారిలో ఉన్న మన పరికరాలన్నీ వరసగా మూగబోయాయి. అది భూమిని సమీపిస్తే కరెంటు, ఫోన్లు, ఆస్పత్రుల్లో ఊపిరి పోసే యంత్రాలు, ఏవీ పనిచెయ్యవన్నారు. అది రాయి కాదనీ, దారి మార్చుకుంటోందనీ, ఆలోచించగలదనీ కూడా చెప్పారు. ఎదురెళ్లి మాట్లాడి చూడమని, మాట వినకపోతే ఆపమని 'అన్వేషి' అనే నౌకను పంపారు. ఆపడమంటే కాల్చడమే. ఆ నౌకలో ఫిలిప్ ఉన్నాడు.

నౌకలో ఇళ్ల నుంచి వచ్చే మాటలు వినడానికి ఒక చిన్న గది ఉంది. గోడలు పలచన. ఎవరికొచ్చింది వింటున్నా అందరికీ వినబడేది. కెప్టెన్ పుణె ఆవిడ. ఆమె కూతురు పాడే పాటలు అందరికీ నోటికొచ్చేశాయి. రేడియో చూసే హయాత్‌ది లక్నో. వాళ్ల నాన్న దగ్గు కూడా అందరికీ పరిచయమే. ఫిలిప్‌కూ ఒకటి వచ్చిందని తెరమీద పడింది. పంపినవాళ్ల పేరు చూశాడు. ఆ గొంతు ఈ గోడల మధ్య మోగడం ఊహించుకున్నాడు. హాస్టల్ కిటికీల్లో నవ్వులు గుర్తొచ్చాయి. తర్వాత వింటాననుకున్నాడు. వినకుండా వదిలేసినదాన్ని, వినేదాకా భూమి మీది యంత్రం పదేపదే పంపుతూనే ఉంటుందని అతనికి తెలుసు. పంపనీలే అనుకున్నాడు. అలా నెలలు గడిచాయి.

ఆ నల్లటిది దగ్గర పడేసరికి భూమితో మాటలు తెగిపోయాయి. హయాత్ అంకెలు పంపాడు, సంగీతం పంపాడు, తెలిసిన భాషలన్నిట్లో పలకరించాడు. జవాబు లేదు. చివరికి ఒకనాడు స్పీకర్లలో బరబరమని మోత మొదలై, అందులోంచి ఒక ఆడగొంతు తేలింది.

"ఒరే చిన్నోడా, పలకవేందిరా? అన్నం తిన్నావా? నేనేం తప్పు మాట్లాడానని పలకవు?"

ఆగింది. మళ్లీ మొదలైంది. అదే జీర, అదే గద్దింపు. ఫిలిప్ చేతిలో ఉన్న, నట్లు బిగించే పానా జారి గాల్లో తేలిపోయింది.

అతనికి ఆ క్షణమే అంతా అర్థమైంది. తను వినకుండా వదిలేసిన మాట ఇన్ని నెలలుగా శూన్యంలోకి వస్తూనే ఉంది. ఆ నల్లటిది దీన్ని విన్నన్నిసార్లు ఇంకే మాటనూ విని ఉండదు. భూమి ఎవరినో పిలుస్తోందనీ, ఎవరూ పలకడం లేదనీ అనుకుని ఆ పిలుపు వెంట వస్తోంది.

"ఇది దక్షిణాది భాషలా ఉంది" అన్నాడు హయాత్. "ఫిలిప్, తెలుగేనా?"

అందరూ అతని వైపు తిరిగారు. తెలుగే అంటే అర్థం చెప్పాలి. అర్థం చెబితే ఆమె ఎవరో చెప్పాలి. ఎవరూ లేరన్నవాడికి అక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో, నెలల తరబడి ఆమె మాట ఎందుకు వినలేదో చెప్పాలి.

"కాదు" అన్నాడు. "వినడానికి అలా ఉందంతే. ఏదో గోల."

"ఆ గొంతు?"

"నాకేం తెలుసు? ఎవరో."

ఒక్క నిమిషం కుదుటపడి నిజం చెబుదామనే అనుకున్నాడు. ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదు. అర్థం లేని అరుపు, పైగా ఆగకుండా దగ్గరకొస్తోంది. కెప్టెన్ మరొక్కసారి హెచ్చరిక పంపించింది. అటునుంచి మళ్లీ "పలకవేందిరా" అని వినబడింది. కెప్టెన్ కాల్చే మీట నొక్కింది.

చప్పుడేమీ లేదు. ఆ నలుపులోంచి ఒక ముక్క విడిపోయి, మెల్లగా పొర్లుతూ దూరమైంది. స్పీకర్లో గొంతు తడబడింది. మాటలు విరిగిపోయాయి. చాలాసేపటికి ఒక్కటే మిగిలింది.

"తిన్నావా? తిన్నావా?"

కెప్టెన్ చెయ్యి మళ్లీ మీట మీదికి వెళ్లింది. ఫిలిప్ ఆ చేతిని పట్టుకున్నాడు. "మా అక్క" అన్నాడు. "అది మా అక్క మాట. అన్నం తిన్నావా అని అడుగుతోంది, అంతే." హయాత్ ముందున్న మైకు లాక్కున్నాడు. ఎన్నాళ్లుగానో మాట్లాడని మాటలు నోట్లో మెలికలు పడ్డాయి. "తిన్నానక్కా. పలకలేదు, తప్పు నాది. నువ్వేం తప్పు మాట్లాడలేదు."

గొంతు ఆగిపోయింది. మరకలా ఉన్నది అక్కడే చాలాసేపు నిలబడి, తర్వాత వచ్చిన దారినే తిరిగిపోయింది. జవాబు దొరికి వెళ్లిందో, దెబ్బ తిని వెళ్లిందో ఎవరూ చెప్పలేకపోయారు. విడిపోయిన ముక్క మాత్రం అక్కడే ఉండిపోయింది.

"ముందే చెప్పుంటే నేను కాల్చేదాన్ని కాదు" అంది కెప్టెన్. తిరుగు ప్రయాణంలో ఆ సంగతి ఆమె ఇంకెప్పుడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఫిలిప్‌కి.

భూమి మీద మాత్రం వేరే కథ నడిచింది. తెలుగు మాటతో ఆపద తప్పించాడని పేపర్లు రాశాయి. టీవీవాళ్లు పల్లెకొచ్చి, కల్లంలో ఎండుమిరపకాయల మధ్య కూర్చున్న రెబెకా ముందు మైకులు పెట్టారు. ఆమె తలగుడ్డ సర్దుకుంటూ, "వాడు తిన్నాడో లేదోనని అడిగా, ఇంకేం లేదు" అంది.

ఫిలిప్ ఊరికొచ్చిన ఆదివారం చర్చిలో సన్మానం పెట్టారు. పాస్టరు సంజీవరావు గారు శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పమన్నారు. రెబెకా ముందు వరసలో కూర్చుంది. ఎవరో బలవంతంగా కట్టబెట్టిన కొత్తచీర ఆమె మీద నిలవడం లేదు. ఆమె ముఖంలో సంతోషం చూసి అతను శాలువా బరువు మొయ్యలేకపోయాడు. మైకు ముందు నిలబడి, ఆ గొంతు ఎవరిదని అడిగితే ఎరగనన్నానని, ఆ మాట వల్లే దాన్ని కాల్చారని, ఏదీ దాచకుండా చెప్పేశాడు.

రెబెకా లేచి, కొంగు బిగించుకుని, మనుషుల మధ్య నుంచి బయటికి వెళ్లిపోయింది.

అతను ఇంటికి వెళ్లేసరికి ఆమె చీర మార్చుకుని గడపలో కూర్చుని ఉంది.

"నన్ను ఎరగనన్నావా?"

"అన్నానక్కా."

"ఆ ముక్క నాకు చెప్పుకోవాల్సింది. ఊరందరి ముందరా చెప్పి నువ్వు బరువు దించుకున్నావు. రేపు కల్లంలో నా పక్కన కూర్చునే అంకమ్మా వాళ్ల మొహాలు చూడాల్సింది నేను గదా."

నిజం చెప్పడం కూడా తన కోసమే చేసుకున్నాడని అతనికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆమె ఎదుట కూర్చోలేక నిలబడే ఉన్నాడు.

ఆమే మళ్లీ అడిగింది. "దాన్నెందుకు కాల్చారు? అదేమన్నా చేసిందా?"

"ఏం చెయ్యలేదు. నేను చెప్పుంటే కాల్చేవాళ్లు కాదు."

"నొప్పి పుట్టి ఉంటుందా దానికి?"

"తెలియదక్కా."

"పుట్టే ఉంటుంది" అంది. లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఫిలిప్ ఆమెతో పాటు కల్లానికి వెళ్లి తొడిమలు తీయడానికి కూర్చున్నాడు. అంకమ్మ రెబెకా వంకా, అతని వంకా చూసి ఊరుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఇద్దరికీ కష్టమైంది. అలా కొన్ని వారాలు ఊళ్లోనే ఉండిపోయాడు.

మిరప అమ్మకాలు అయిపోతుండగా కెప్టెన్ ఫోన్ చేసింది. విడిపోయిన ముక్కలో ఇంకా చలనం కనబడుతోందట. చూడటానికి వెళ్తున్నారు, కాల్చడానికి కాదు. వస్తావా అని అడిగింది. ఆ విషయం రెబెకాకు చెప్పి, నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆమె బస్తా మూతి కుడుతోంది. దబ్బనం దించకుండానే అంది.

"వెళ్లు. అది ఎట్లా ఉందో చూడు. చెయ్యగలిగిందేమన్నా ఉంటే చెయ్యి. నన్ను మాత్రం మళ్లా టీవీలోకి లాగమాక."