నిలబడి చెప్పే అవును

మా ఇంగ్లీషు టీచరు గారు కూర్చుని అవుననడం నేనెప్పుడూ చూడలేదు. రేపల్లె స్కూల్లో మేం ఏదడిగినా, అవుననాల్సి వస్తే కుర్చీలోంచి లేచేవారు. పిల్లల్ని కూడా 'అండి' అనేవారు. అఫర్మేషన్ అంటే ఏంటని అడిగితే, "ఒట్టు పెట్టకుండా నిలబడి అవుననడమండి" అన్నారు. నాకది అప్పట్లో రెండు మార్కుల ప్రశ్న, అంతే.

మళ్లీ ఆవిడని చూసింది తెనాలి కోర్టులో. నేనక్కడ గుమాస్తాని. చర్చిలో ఆవిడ పక్కనే నిలబడి పాడే మనిషి కొడుకు, కారుతో ఒక కూలీని గుద్దేశాడు. రేపల్లెలో ఆవిడ వీధిలోనే జరిగింది; చూసినవాళ్లంతా చూడలేదన్నారు. సాక్ష్యానికి ఆవిడొక్కరే వచ్చారు.

"దేవుడి ఎదుట ప్రమాణం చేస్తున్నానని చెప్పండమ్మా" అన్నాడు బంట్రోతు.

"ప్రమాణం చెయ్యనండి. అఫర్మేషన్ ఇస్తాను. నా మాటకి దేవుణ్ణి జామీను అడగనండి."

వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. "దేవుడి మీద ప్రమాణం చెయ్యనంటోందంటే, చెప్పేది అబద్ధమేగా" అంది ఆ చర్చికే వెళ్లే ఒకావిడ. టీచరు గారికి అది వినపడింది. చూసింది చూసినట్టు చెప్పి బోను దిగారు.

సాయంత్రం బస్టాండులో బెంచీ మీద కనిపించారు. ఆ వీధివాళ్లు వచ్చిన వ్యాను ఆవిడ ముందునుంచే రేపల్లె వెళ్లిపోయింది.

"ఒక్కరే వెళ్తారా, టీచర్?" అన్నాను.

ఆవిడ ఒళ్లోని సంచీ పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని, మెల్లగా లేచి నిలబడ్డారు.

"అవునండి" అన్నారు.