గూట్లోని టంబ్లర్, ఫ్లాస్కులోని కాఫీ

మా ఇంట్లో కాఫీలో ఆవుపాలు పొయ్యం, చక్కెర వెయ్యం, వేడి కూడా చెయ్యం. ఈ మాట వినగానే ముఖం చిట్లించేవాళ్ళు మా కోయంబత్తూరులో వీధికి పదిమంది ఉంటారు. ఫిల్టరు కాఫీ మీద ప్రాణం పెట్టుకున్న ఊరు మరి. చిట్లించుకోనివ్వండి. వాళ్ళ మెప్పు కోసం నేనీ కాఫీ చెయ్యడం లేదు. మా అమ్మ కాలి బొటనవేలు కోసం మొదలుపెట్టాను.

ఆ వేలిని ఆవు తొక్కింది. మా అమ్మ ముప్పై ఏళ్ళుగా అన్నూరు దారిలో ఒక పెద్ద తోట ఇంట్లో పనిచేస్తోంది. పశువుల కొట్టం ఊడ్చడం, వాకిలి చిమ్మడం, బయట వేసిన గిన్నెలు తోమడం ఆమె పని. వేలు చితికితే పసుపు పెట్టి గుడ్డ చుట్టుకుని మర్నాడే వెళ్ళింది. రెండు నెలలైనా పుండు మానలేదు. పెద్దాసుపత్రి డాక్టరు రక్తపరీక్ష చీటీ చూసి, షుగరు ఇలాగే ఉంటే వచ్చే నెల వేలు తీసెయ్యాలనీ, ఆ పైన ఎక్కడ ఆగుతుందో తాను చెప్పలేననీ అన్నాడు. వేలు లేకపోతే మాత్రం చీపురు పట్టుకోలేనా అని అమ్మ అక్కడ నవ్వేసింది. బస్సులో మాత్రం ఇల్లు చేరేదాకా ఆ చీటీని మడుస్తూ విప్పుతూ కూర్చుంది.

ఇంట్లో చక్కెర డబ్బా ఖాళీ చేశాను. అన్నం తగ్గించాను. రాగి సంకటి కూడా కొలిచి పెట్టాను. అయినా వారం తర్వాత పరీక్షలో షుగరు ఇంచు కూడా దిగలేదు. అమ్మ దొంగచాటుగా బెల్లం తింటోందని నాకు గట్టి అనుమానం. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, ఆఖరికి దుప్పట్ల పెట్టె కూడా వెతికాను. ఏమీ దొరకలేదు. అప్పుడు అడిగాను, ఆ ఇంట్లో ఏం తింటున్నావని. తినడం ఏమీ లేదు, కాఫీ తాగుతానంతే అంది. ఎన్నిసార్లు? వెళ్ళగానే ఒకటి, పదకొండుకు ఒకటి, వచ్చేముందు ఒకటి. చక్కెర? అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ మూడు వేళ్ళు చూపించింది. ఒక్కో దానికి మూడు చెంచాలు.

ఆ కాఫీ సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఇంటివాళ్ళు కూడా తెలుగువాళ్ళే. వాళ్ళ పెద్దలూ మా పెద్దలూ ఎన్నో వందల ఏళ్ళ కిందట ఒకే దారిన ఈ అరవ దేశానికి వచ్చారంటారు. వాళ్ళకు భూములూ, ఆ తర్వాత మోటార్ల కార్ఖానా వచ్చాయి. మాకు చీపుర్లూ తోలుపనీ వచ్చాయి. భాష మాత్రం ఇద్దరికీ అదే. నేను బడిలో చదివింది తమిళంలో. ఈ తెలుగు అక్షరాలను పెద్దయ్యాక చర్చి పాటల పుస్తకం ముందేసుకుని కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ ఇంటావిడ అయితే చుట్టాలు వచ్చినప్పుడు మా అమ్మను చూపించి, మా పనిమనిషి ఎంత చక్కగా తెలుగు మాట్లాడుతుందో వినండి అని మురిసిపోతుంది. మాట ఒకటైనా టంబ్లర్ ఒకటి కాలేదు. కొట్టం గోడలో ఒక గూడు ఉంది. అందులో బోర్లించి పెట్టిన స్టీలు గ్లాసు మా అమ్మ టంబ్లర్. ఆమె దాన్ని తెచ్చి పట్టుకుంటే ఇంటావిడ గడప లోపల నిలబడి, అంచు తగలకుండా పైనుంచి కాఫీ పోస్తుంది. తాగాక కడిగి మళ్ళీ గూట్లో బోర్లించాలి.

నాకు ఆరేళ్ళప్పుడు సెలవుల్లో అమ్మతో అక్కడికి వెళ్ళేదాన్ని. ఒకరోజు సాయం చేద్దామని ఆ టంబ్లర్ కడిగి తీసుకెళ్ళి వంటింట్లో మిగతా గ్లాసుల పక్కన పెట్టాను. ఇంటావిడ నన్ను ఏమీ అనలేదు. పిల్లకేం తెలుసులే అని మెత్తగా నవ్వింది. అమ్మ మాత్రం కొట్టంలోకి లాక్కెళ్ళి చెంప పగలగొట్టింది. ఆ తర్వాత ఇంటావిడ ఆ అరలోని గ్లాసులన్నీ తోమించడం చూశాను. తోమింది మా అమ్మే.

కాబట్టి ఆ మూడు కాఫీలు మానెయ్యమని అమ్మకు చెప్పినప్పుడు, నా గొంతులో వేలి గురించిన భయం సగమే. మిగతా సగం ఏమిటో అమ్మకు తెలుసు. అందుకే మాట తప్పించింది. ఆవిడ మంచిదనీ, చక్కెర కూడా దయతోనే ఎక్కువ వేస్తుందనీ చెప్పుకొచ్చింది. నేను వదల్లేదు. చివరికి, ముద్దుగా నన్ను పిలిచే అరవ పిలుపుతో అసలు మాట బయటపెట్టింది.

"వద్దని ఎట్ల సెప్పేది కణ్ణు? ఆ కాఫీ తాగలేదంటే నేను పని ఇడిసిపెడతాండానని అర్థం. ఆడ అదే లెక్క."

అది నిజమే. ఆ ఇంట్లో పొద్దుటి కాఫీ తాగడమంటే ఆ రోజుకు పనిలోకి దిగినట్టు. అంతకుముందు పనిచేసిన ముసలామె ఒకరోజు అలిగి కాఫీ ముట్టలేదట, సాయంత్రానికి ఆమె స్థానంలో ఇంకొకరు వచ్చారట. అలా వచ్చిన మనిషి మా అమ్మే. పాపం, ఆమె భయం ఉత్త భయం కాదు. కానీ నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. కాలు పోయినా సరే, ఆ గూట్లోని టంబ్లర్ మాత్రం వదలవా అని అరిచాను. అమ్మ గుడ్డ విప్పి పుండుకు మందు రాసుకుంటూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా ఇంకో నిజం చెప్పింది. కాఫీ లేకుండా తన నడుము లేవదట. పొద్దున్నే వేరే కాఫీ ఏదైనా కడుపులో పడి ఉంటే, ఆ ఇంటి కాఫీని వద్దనే ధైర్యం వస్తుందేమోనట.

ఇక్కడ నా ఉద్యోగం అక్కరకొచ్చింది. నేను అవినాశి రోడ్డులో ఒక మాల్‌లో కాఫీ షాపు కౌంటర్‌లో పనిచేస్తాను. జిమ్ముకెళ్ళి వచ్చినవాళ్ళు అక్కడ బాదం పాలతో, చక్కెర లేకుండా, ఐసు వేసి చేసిన కాఫీ అడుగుతారు. దాన్ని లో కార్బ్ అంటారు. పిండి పదార్థం తక్కువట, షుగరు ఎగరదట. రోజుకు నలభై గ్లాసులు చేసి అందిస్తూ, ఇదంతా తిని అరగనివాళ్ళ సోకు అని నవ్వుకునేదాన్ని. అరగనివాళ్ళ సోకులో మా అమ్మకు పనికొచ్చేది ఒకటి ఉందని తట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నా తెలివి అంత.

షాపులో పాలు డబ్బాలో వస్తాయి. ఇంట్లో అన్నీ మనమే. మొదటిరోజు పచ్చి వేరుశెనగ గింజలు నానబెట్టి మిక్సీలో రుబ్బి, పాలు పిండి, వేడి డికాషన్ పోశాను. పాలు విరిగిపోయి ముక్కలు ముక్కలుగా తేలాయి. వాసన కూడా పచ్చిగా కొట్టింది. అమ్మ ఒక గుక్క తాగి, దీనికంటే వేలు తీయించుకోవడమే మేలు అంది. రెండోరోజు గింజలను ఉడికించి పొట్టు తీశాను. పచ్చివాసన పోయింది, విరగడం మాత్రం పోలేదు. మూడోరోజు ఒట్టి బాదం గింజలతో చేశాను. బాగుంది గానీ, రోజూ ఒట్టి బాదం అంటే మా ఇంటికి కుదిరే పని కాదు.

చివరికి కుదిరింది ఇలా. రాత్రి పది బాదం గింజలు నానబెడతాను. పొద్దున వాటి తోలు ఒలిచి, ఉడికించి పొట్టు తీసిన వేరుశెనగ ఒక గుప్పెడు కలిపి, చల్లటి నీళ్ళతో మెత్తగా రుబ్బుతాను. నాన్న పాత పంచె ముక్కలో వేసి గట్టిగా పిండుతాను. చిటికెడు ఉప్పు, ఒక ఏలకకాయ. చికోరీ కలపని పొడితో ముందురోజే దించి ఫ్రిజ్‌లో పెట్టిన చిక్కటి డికాషన్. చల్లటి పాలలో చల్లటి డికాషన్ పోస్తే విరగదు. ఆ పైన నాలుగు ఐసు ముక్కలు. ఐసు సోకు కోసమని షాపులో అనుకునేదాన్ని. ఇంట్లో చేశాకే తెలిసింది, ఈ పాలు వేడికి నిలవవు కాబట్టి చల్లదనమే దీనికి దారి అని.

అమ్మ కళ్ళు మూసుకుని తాగింది. తీపి లేదు అంది. కాసేపాగి, చేదు కూడా లేదు అంది. ఇంకాసేపాగి గ్లాసు చాపింది. గుడ్డలో మిగిలిన పిప్పిని పారెయ్యబోతే లాక్కుని, ఎండుమిరపకాయలు వేసి పచ్చడి నూరింది. అప్పుడు నాకు అర్థమైంది, ఈ కాఫీ ఇంట్లోకి వచ్చేసిందని.

స్టీలు ఫ్లాస్కు నిండా పోసి, ఐసు వేసి ఇచ్చాను. మొదటిరోజు అమ్మ డాక్టరు పేరు చెప్పి కాఫీ వద్దంది. ఇంటావిడ, ఒక్క కాఫీకి ఏమవుతుందిలే అని ఎప్పటిలాగే పోసింది. అమ్మ ఆ టంబ్లర్‌ను గూటి అంచున పెట్టి తన ఫ్లాస్కు తీసింది. కాఫీ మీద మీగడ కట్టింది, తర్వాత ఈగలు పడ్డాయి, సాయంత్రం అమ్మే దాన్ని కాలవలో ఒంపింది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఇంటావిడ కాఫీ తేలేదు, కానీ గడపలో నిలబడి, మా ఇంటి కాఫీ నీకు పట్టకుండా పోయిందా అని అడిగిందట. పని పోతుందని ఇద్దరం అనుకున్నాం. ఇంకా నాకు ఒక కోపం మిగిలే ఉంది. డాక్టరును ఎందుకు అడ్డం పెట్టుకుంటావు, ఆ టంబ్లర్‌లో తాగనని ఎందుకు చెప్పవు అని. పైకి అనలేదు. వేలు మానాలి, అది ముందు.

నాలుగో రోజు నాకు సెలవు. అమ్మ కుంటుతోందని నేనూ వెళ్ళి కొట్టం ఊడ్చాను. పదకొండింటికి అమ్మ వేపచెట్టు నీడలో ఫ్లాస్కు మూత తీసింది. ఇంటావిడ లోపలినుంచి వచ్చింది. ఆమెకూ షుగరు ఉందని అందరికీ తెలుసు. ఆ ఫ్లాస్కులో ఏముందో, ఎలా చేస్తారో నన్ను అడిగింది. చెప్పాను. మాల్‌లో అమ్మేదే అనేసరికి ఆమె కళ్ళు మెరిశాయి. తనకూ కొంచెం పొయ్యమంది.

అమ్మ లేచింది. గూటి దగ్గరికి నడిచి, బోర్లించిన టంబ్లర్ తీసింది. కుళాయి కింద పట్టి బూడిదతో తోమి, మూడుసార్లు కడిగింది. నిండా కాఫీ పోసింది, ఐసు గలగలమంది. రెండు చేతులతో పట్టుకుని ఆమె ముందుకు చాపింది.

ఇంటావిడ చెయ్యి సగం లేచి ఆగిపోయింది. "ఉండవే, లోపలినుంచి గ్లాసు తెస్తాను," అంది.

"ఎందుకుంగమ్మా? మీ కాఫీ ముప్పై ఏండ్లు నేను దీంట్లోనే తాగినాను. నా కాఫీ ఒక్క దినం మీరు తాగండి. బాగా కడిగినాను."

అమ్మ గొంతులో కోపం లేదు, మర్యాదకు మాట చివర చేర్చే అరవ 'ఉంగ' కూడా వదల్లేదు. రోజూ పాలు పితికారా అని అడిగే గొంతు అది. ఇంటావిడ టంబ్లర్ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తల దించలేదు. ఆరేళ్ళప్పటి చెంపదెబ్బ నాకు గుర్తొచ్చింది, అప్పుడు దించిన తల ఇప్పుడు ఎందుకు దించాలి? ఆమె చివరికి, చల్లటిది తాగితే పళ్ళు జివ్వుమంటాయి, వద్దులే అంది. మా అమ్మకు డాక్టరు దొరికినట్టు ఆమెకు పళ్ళు దొరికాయి.

"సరింగమ్మా," అంది అమ్మ. అక్కడే, వాకిలి నడుమ నిలబడి, ఆ కాఫీ మొత్తం తాపీగా తాగింది. చివరి ఐసు ముక్కను కూడా కటకటా నమిలింది. టంబ్లర్ కడిగింది. గూటి వైపు వెళ్ళకుండా, తన సంచి తెరిచి అందులో వేసుకుంది.

ఇంటావిడ కంగారుగా, ఆ టంబ్లర్ ఎక్కడికే అంది.

"ఇది నాదే కదుంగమ్మా. ఇంకెవురూ తాగరు కదా," అంది అమ్మ.

నేను అరిచి గోల చేసి చెప్పాలనుకున్నదాన్ని ఆమె ఒక గ్లాసు కాఫీతో చెప్పింది.

పని పోలేదు. ఎలా పోతుంది, ఈ రోజుల్లో పేడ ఎత్తడానికి మనుషులు దొరకాలి కదా. అమ్మ మర్నాడు ఫ్లాస్కుతోనే వెళ్ళింది. గూడు ఖాళీగా ఉంది, దాంట్లో ఇంకొకటి పెట్టలేదు. మాటలు తగ్గాయి, మా అమ్మ చక్కటి తెలుగు గురించి చుట్టాలకు చెప్పడం కూడా ఆగిపోయింది. నెలాఖరుకు డాక్టరు పుండు చూసి, అంచులు ఎండుతున్నాయి, వేలు ఉంచుదాం అన్నాడు. అమ్మ ఆయనకు ఈ కాఫీ చేసే తీరు మొత్తం చెప్పింది, పంచె ముక్కతో సహా.

ఆ టంబ్లర్ మా వంటింటి అరలో మిగతావాటితో కలిసిపోయింది. పక్కింటివాళ్ళు వచ్చినా, చర్చినుంచి ఎవరొచ్చినా, చేతికి అందిన దాంట్లో ఐసు వేసి కాఫీ పోసిస్తాం. మొన్న అది ఏదో గుర్తుపడదామని అన్నిటినీ దించి చూశాను. ఆరు టంబ్లర్లు, ఆరింటికీ అవే గీతలు, అవే సొట్టలు. అమ్మను అడిగాను. ఆమె కూడా ఒక్కొక్కటే తిప్పి చూసి, తెలియడం లేదు, ఏదైతే ఏం, కాఫీ పొయ్యి అంది.