డబ్బా మీద రాసిన మాట

నేను అక్షరాలు నేర్చింది అరవయ్యో ఏట, మనవరాలి పలక మీద. అందుకే ఈ కోపం ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు బన్సీలాల్‌పేటలో ఉండేవాళ్లం. ఆదివారం అల్వాల్‌లో క్లబ్బు మోటార్‌సైకిల్ పందెం ఉందని మా ఆయన తన బండికి పెట్రోలు తెచ్చి, వంటింట్లో పొయ్యి ముట్టించే గాసునూనె డబ్బా పక్కనే పెట్టాడు. శనివారం సాయంత్రం జలుబుతో నాకు వాసన తెలియలేదు. గాసునూనే అనుకుని కట్టెల మీద పెట్రోలు డబ్బా వంచి అగ్గిపుల్ల గీశాను. మంట ఎగిసి కొంగు అంటుకుంది. బిందెడు నీళ్లు నేనే గుమ్మరించుకున్నాను.

ఆయన ఉరికొచ్చి ముందు డబ్బా ఎత్తి చూశాడు. "సగం పాయె! పెట్రోలని ఇంత పెద్దగ రాసిన, కండ్లు లేవానే?"

"నాకు చదువు రాదని మీకు ఎర్క లేదా?"

తెల్లారి ఆయన స్నానానికి పోగానే మిగిలిన పెట్రోలు మురికినీళ్ల మోరీలో పోశాను. ఖాళీ డబ్బా బండి సీటు మీద పెట్టి, ఆయన బయటికి రాగానే చదువుకోమన్నాను.